పూజ మర్నాటి బెల్లు

పేరు చూసి చిన్నవాడనుకోకండి. చినబాబుకి అరవై దాటాయి. పుట్టినప్పుడు బొబ్బిలి దగ్గర ఎవరో ముద్దుకి పిలిచిన పేరు, ఆయనతోపాటు రైలెక్కి టాటానగర్‌లో దిగి, పెళ్లిపీటల మీద కూర్చుని, పళ్లూడే వయసు దాకా వెంటబడి వచ్చేసింది. జార్ఖండ్ వేరే రాష్ట్రమై మూడేళ్లయినా ఆయన నోట్లో అది ఇంకా బీహారే. మార్చుకోవడం అనే విద్య ఆయనకి అబ్బలేదు.

గోల్‌మురి మార్కెట్ వెనక సందులో, రేకుల షెడ్డులో, సైకిలు బెల్లులు చేసేవాడు చినబాబు. బెల్లంటే మామూలు బెల్లు కాదు. ఒకసారి దల్మా కొండల మీంచి ఏనుగొకటి దిగి వచ్చి చౌరస్తాలో అడ్డంగా నిలబడిందట. పోలీసులు ఈలలేస్తే కదల్లేదు. టపాకాయలు కాలిస్తే కదల్లేదు. చినబాబు సైకిలు మీద వెళ్లి ఒక్కసారి బెల్లు కొట్టేసరికి తొండం ముడుచుకుని ఎడమ పక్కకి జరిగి దారిచ్చిందట. కుడి పక్కకి ఎందుకు జరగలేదని ఎవరైనా ఆరా తీస్తే, "ఇండియా ఏనుగు గదా బావూ, రూల్సు తెలీవేటి?" అనేవాడు.

ఏనుగు మాట ఎలా ఉన్నా, ఒకప్పుడు టిన్‌ప్లేట్ కంపెనీ గేటు ముందు షిఫ్టు వదిలినప్పుడు వచ్చే మోత మాత్రం అబద్ధం కాదు. సైకిళ్లు ఏరు పొంగినట్టు పొంగి వచ్చేవి. ప్రతి సైకిలుకీ ఒక బెల్లు, బెల్లుల్లో చాలావరకు చినబాబువి. టీ బడ్డీ దగ్గర కళ్లు మూసుకుని కూర్చుని, ఏది తను చేసిందో ఏది పరాయిదో చెవితో ఏరేవాడు.

తర్వాత స్కూటర్లొచ్చాయి. సరేలే, సైకిళ్లింకా ఉన్నాయి కదా అనుకున్నాడు. ఆ తర్వాత సాక్చీ బజారు ఫుట్‌పాత్‌ల మీద గోనెసంచులు పరిచి చైనా సరుకు కుప్పలు పోశారు. తాళాలు, టార్చిలైట్లు, బొమ్మలు, వాటి మధ్య కప్ప ఆకారంలో ప్లాస్టిక్ బెల్లులు. సైకిలు షాపుల వాళ్లు మొదట్లో "రఖ్ దో కాకా, పెట్టి వెళ్లు, అమ్ముడైతే చూద్దాం" అనేవారు. తర్వాత చూద్దాం అనడం కూడా మానేసి, దూరం నుంచి చినబాబు కనబడగానే ఫోను ఎత్తి చెవికి పెట్టుకునేవారు.

షెడ్డులో ఉన్నది ఒక్కటే ప్రెస్సు. చేత్తో తిప్పేది. మనిషెత్తు ఇనుప చట్రం, పైన అడ్డంగా పిడి, పిడి చివర్లలో ఇనుప గుండ్లు. గుండ్రంగా కత్తిరించిన రేకుని అచ్చు మీద పెట్టి, పిడి పట్టుకుని ఒక్క విసురు విసిరితే, రేకు కాస్తా గిన్నె అయిపోయేది. ఆ ప్రెస్సుకి పెట్టినంత నూనె తన తలకి ఏనాడూ పెట్టలేదని చినబాబు పెళ్లాం నూకమ్మ అంటుండేది.

నాలుగేళ్లుగా ఇల్లు నడుపుతున్నది ఆ ప్రెస్సు కాదు, నూకమ్మ రుబ్బురోలు. దోశల పిండి, కందిపొడి, గోంగూర పచ్చడి కద్మాలోని ఆఫీసర్ల ఇళ్లకి పంపేది. ఇప్పుడు ఆమె మోకాళ్లు కూర్చుంటే లేవనివ్వడం లేదు. లేస్తే కూర్చోనివ్వడం లేదు.

అందుకే విశ్వకర్మ పూజ నాడు, ప్రెస్సుకి పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల దండ వేసి, చినబాబు కొబ్బరికాయ కొట్టబోతుంటే ఆమె ఆపింది.

"కొట్టే ముందు ఒక మాట ఒప్పుకో."

"దేవుడి కాడ బేరాలేటే?"

"దేవుడి కాడ అయితేనే నువ్వు మాట మీద ఉంటావు. రేపు మొదటి బెల్లు అమ్ముడైందా, ఏడాది దాకా నేను నోరెత్తను. అవ్వనేదా, పెస్సుని సీతారాంకి ఇచ్చీయాల. షెడ్డు అద్దెకిచ్చీయాల."

సీతారాం అంటే పాత ఇనుము కొనే కబాడీ. మూడు చక్రాల రిక్షా బండి తొక్కుకుంటూ వీధి వీధీ తిరుగుతాడు. చినబాబు పైకి మాత్రం నవ్వాడు.

"ఓస్, ఇంతేనా! మొదటి బెల్లు అమ్ముడవ్వకపోవడం ఎప్పుడైనా సూసినావేటే?"

"ఏనుగు కొనీసిందని మాత్రం సెప్పకు."

పక్క షెడ్డు వరహాలమ్మ ప్రసాదం కోసం వచ్చి గుమ్మంలో నిలబడి ఇదంతా వింటోంది. మొగుడు పోయినప్పటి నుంచీ అతని లేతు మిషను తనే నడుపుతూ తలుపు బందులు చేస్తుందామె. "ఒదినా, మా లేతుకి కూడా ఇలాటి గడువులు పెట్టీకు తల్లీ" అంది నవ్వుతూ. ఆ నవ్వులో చాలావరకు భయమే.

మొదటి బెల్లు సంగతి మీకు చెప్పాలి. చినబాబుకి పని నేర్పిన మేస్త్రీ పెట్టిన పద్ధతి అది. పూజ రోజు పనిముట్టు ముట్టకూడదు. మర్నాడు పొద్దున్నే చేసిన మొదటి వస్తువు దీపాలు పెట్టే లోపల అమ్ముడవ్వాలి. కొనేవాడు బంధువు కాకూడదు, స్నేహితుడు కాకూడదు. తన బొటనవేలితో తనే మోగించి చూసుకోవాలి, తన చక్రానికి తనే పెట్టుకోవాలి. ఇది పూజ బెల్లని చెప్పి జాలి పుట్టించకూడదు. అలా అమ్ముడైతే మిషనుకి ఆ ఏడాది ఆయుష్షు ఉన్నట్టు. పూర్వం సందు దాటకుండానే ఎవడో ఒకడు లాక్కుపోయేవాడు. కిందటేడు మాత్రం దీపాల వేళకి ఒక పాలవాడు కొన్నాడు, అదీ వాడి పాత బెల్లు అదే రోజు గేదె తొక్కేసింది కాబట్టి.

మర్నాడు చినబాబు స్నానం చేసి, రేకు పెట్టి, పిడి విసిరాడు. గిన్నెకి అంచు రాకాడు, లోపల సుత్తీ స్ప్రింగూ బిగించాడు, హాండిలుకి పట్టుకునే పట్టీ తగిలించాడు. బొటనవేలితో మీట నొక్కాడు. పక్క షెడ్డులో వరహాలమ్మ ఆకురాయి ఆగింది. "బాగుంది అన్నియ్యా!" అని గోడ అవతల నుంచి కేకేసింది. బెల్లుని తువ్వాలులో చుట్టి, సైకిలెక్కి బయల్దేరాడు.

ముందు టిన్‌ప్లేట్ గేటు. షిఫ్టు వదిలారు. మోటారుసైకిళ్లు బుర్రుబుర్రుమంటూ పోయాయి, వాటి వెనక స్కూటర్లు, అన్నిటికీ చివర ఒకే ఒక్క సైకిలు. దాని మీద కాంట్రాక్టు పని చేసే కుర్రాడు. చినబాబు ప్రాణం లేచి వచ్చింది. అడ్డంగా వెళ్లి ఆపి, తువ్వాలు విప్పి చూపించాడు.

కుర్రాడు తన హాండిలు మీది ఎర్ర డబ్బా చూపించాడు. "చాచా, యే సునో" అని, వినమంటూ బటన్ నొక్కాడు. పోలీసు జీపు కూసింది. మళ్లీ నొక్కితే కుక్క మొరిగింది. మూడోసారి చంటిపిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

"నాది ఏడవదు నాయినా, మోగుతాది" అన్నాడు చినబాబు, తన హిందీలో.

"రోతా నహీ? తో కిస్ కామ్ కా?" ఏడవనిది దేనికి పనికొస్తుందని నవ్వి, చంటిపిల్లని ఏడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

ఎండెక్కింది. అక్కడి నుంచి అగ్రికో. కంపెనీ క్వార్టర్లలో పాత స్నేహితుడు అప్పన్న ఉంటాడు. ముందే పదవీ విరమణ తీసుకుని కొడుకు క్వార్టరు అరుగు మీద కూర్చుంటాడు. చినబాబు అతనికి అమ్మడానికి వెళ్లలేదు. ఎవరైనా కొనేవాళ్లని చెబుతాడేమోనని వెళ్లాడు. సంగతంతా విన్న అప్పన్న చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"నానే కొంతాను రా."

"స్నేహితుడు కొనకూడదు."

"అయితే మనం ఒకలికొకలం తెల్దు. నువ్వు గేటు కాడికెల్లి మల్లీ రా. నాను కొత్త మనిషిని."

పాపం, నీళ్లలో కొట్టుకుపోతున్నవాడికి గడ్డిపోచ కూడా దుంగలానే కనబడుతుంది. చినబాబు గేటు దాకా వెళ్లి, సైకిలు తిప్పుకుని, కొత్తవాడిలా దగ్గుతూ వచ్చాడు.

"ఏటండీ, ఏటమ్ముతున్నారండీ?" అన్నాడు అప్పన్న మహా గంభీరంగా.

"సైకిలు బెల్లండీ."

"అలాగా అండీ. మోగించి సూత్తానండీ." మోగించాడు. "బాగుందండీ. మీదే ఊరండీ?"

"గోల్‌మురండీ."

"గోల్‌మురా అండీ! అయితే నూకమ్మొదిన మోకాళ్లు ఎలాగున్నాయండీ?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొట్ట చెక్కలయ్యే నవ్వు వచ్చింది. ఆ నవ్వు ఎక్కడో మధ్యలో దారి తప్పింది. అప్పన్న తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ చాలాసేపు మొహం బయటికి తీయలేదు.

"ఒకేళ కొన్నా ఏటికి తగిలిస్తావురా? నీ సైకిలేదీ?" అన్నాడు చినబాబు.

"మావోడు అమ్మీసినాడు. చోటు లేదంటాడు."

కద్మా చేరేసరికి మధ్యాహ్నం వాలింది. అక్కడ సూర్యప్రకాశ్ గారిల్లు. పెద్ద ఇంజనీరుగా చేసి దిగిన మనిషి, తెలుగు సంఘంలో ముఖ్యుడు. మొన్న ఉగాదికి ఆయనే మైకు ముందు "మన వస్తువులు మనమే కొనుక్కోకపోతే ఎవరు కొంటారు?" అని మాట్లాడితే, వెనక కుర్చీలో చినబాబు చేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్ల ధైర్యంతోనే ఇవాళ గేటు తీశాడు.

"ఏం చినబాబూ, నూకమ్మ పిండి పంపిందా?" అన్నాడాయన వరండాలోంచి.

"లేదండీ. నా సరుకే తెచ్చానండీ."

ఆయన అందుకోకముందే లోపల్నుంచి మనవరాలు అలేఖ్య పరుగెత్తుకొచ్చి బెల్లు తీసుకుంది. మోగించింది. కళ్లు పెద్దవి చేసి మళ్లీ మోగించింది. "దాదూ, యే వాలా చాహియే! మేరీ సైకిల్ మే లగా దో!" అని, తన సైకిలుకి పెట్టమని గెంతింది. వరండాలో నిలబెట్టి ఉంది కొత్త సైకిలు, గులాబి రంగుది.

చినబాబు అడగలేదు, బతిమాలలేదు. పిల్ల తన వేలితో తనే మోగించింది, తనకి కావాలంది. పేచీ పెట్టడానికి మేస్త్రీ దిగి వచ్చినా కుదరదు. జేబులోంచి పానా తీసి సైకిలు ముందు గొంతుక్కూర్చుని పట్టీ విప్పాడు. హాండిలుకి చుట్టాడు.

పట్టీ చుట్టు తిరగలేదు. రెండు కొనలూ ఒకదాన్నొకటి చూసుకుంటూ దూరంగా ఆగిపోయాయి. పట్టీని ఇటు వంచాడు, అటు లాగాడు. హాండిలు లావు. బయట దేశపు సైకిలు, బయట దేశపు కొలత. ఆ దేశంలో పిల్లలు ఏం తింటారో గానీ హాండిళ్లు మాత్రం కుమ్మరిపురుగుల్లా బలిశాయి అనుకున్నాడు. అనుకున్నా నవ్వు రాలేదు. చెమట కళ్లల్లోకి కారింది.

"రేపు పెద్ద పట్టీ సేసి తెచ్చి బిగిత్తాను తల్లీ" అన్నాడు. అంటూనే నాలుక చేదెక్కింది. రేపు ప్రెస్సు ఉంటే కదా.

"కల్? నహీ, ఆజ్" అని, ఇవాళే కావాలని పిల్ల మూతి ముడిచి, ప్లాస్టిక్ సీతాకోకచిలుక బెల్లే మళ్లీ టిక్‌టిక్‌మనిపిస్తూ లోపలికి పోయింది.

సూర్యప్రకాశ్ గారు బెల్లుని వేళ్ల మధ్య తిప్పి వెలుతురుకి పట్టి చూశాడు. "ఎంత చక్కటి పని! ఇలాంటివి ఇక రావయ్యా. నాకిచ్చేయ్. షోకేసులో కొండపల్లి బొమ్మల పక్కన పెట్టిస్తాను."

లోపల అద్దాల బీరువా కనబడుతోంది. అందులో బొమ్మలన్నీ నోళ్లు మూసుకుని కూర్చున్నాయి. ఇచ్చేస్తే నూకమ్మకి ఏం తెలుస్తుంది? అమ్ముడైందంటే అయిందే. చినబాబు నోరు 'సరే' అనడానికి తెరుచుకుంది కూడా. అబద్ధాలు ఆయనకి కొత్తా? ఏనుగునే ఎడమ పక్కకి తిప్పినవాడు. కానీ నోటితో చెప్పేది వేరు, చేత్తో చేసేది వేరు. చేతిపనిలో ఆయన ఏనాడూ కోతలు కోయలేదు.

"క్షమించండి బాబూ. ఇది చక్రానికి కట్టాల్సింది."

"అదేమిటయ్యా, కొంటానంటుంటే!"

"మీరు కొంటారండీ. మోగించరు."

తువ్వాలులో చుట్టుకుని వచ్చేశాడు. వెనక గేటు తనంతట తనే పడిన చప్పుడు వినిపించింది.

తిరుగుదారిలో సైకిలు తొక్కాడో, నడిపించుకొచ్చాడో ఆయనకే గుర్తులేదు. సాక్చీలో గోనెసంచుల ముందు జనం మూగి ఉన్నారు. వాళ్లలో తెలిసిన మొహాలు ఎన్నో. ఒకప్పుడు అదే బజారులో ఫలానా చినబాబు బెల్లు కావాలని అడిగి కొన్న మొహాలు. ఎవరినీ తిట్టబుద్ధి కాలేదు. తన కాలి చెప్పులు మాత్రం ఎక్కడివి? పోయిన నెల ఆ గోనెసంచి మీదే కొన్నాడు. చవగ్గా వచ్చాయని నూకమ్మకి చూపించి మురిశాడు కూడా. ఆ చెప్పులు ఇప్పుడు అరికాళ్లలో మండాయి. రేపు పొద్దున్న లేచి ఎక్కడికి వెళ్లాలి? ఈ చేతులు ఏం చేస్తాయి? నూకమ్మ పక్కన కూర్చుని గోంగూర గిల్లుతాయా? అవి పిడి పట్టుకుని పట్టుకుని అదే వంపులో బిగుసుకుపోయిన చేతులు. నిద్రలో కూడా పిడికిలి పూర్తిగా విప్పుకోని చేతులు.

సందు మలుపు తిరిగేసరికి రిక్షా బండి షెడ్డు ముందే ఉంది. సీతారాం బండి మీద పాత మిషన్లు పగలగొట్టే సమ్మెట, కాటా, తాళ్లు. బీహారులో ఆరా అనే ఊరివాడైనా గోల్‌మురి తెలుగువాళ్ల మధ్య తిరిగి తిరిగి తెలుగు పట్టాడు.

నూకమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మొగుడి మొహం చూసింది. ప్రెస్సు మీద నిన్నటి దండ తీసి పక్కన పెట్టింది, అంతే. దీపం ఇంకా పెట్టలేదు. అగ్గిపెట్టె మాత్రం చేతిలో ఉంది.

"దేదో, ఇచ్చెయ్ చినబాబు భాయ్" అన్నాడు సీతారాం. గొంతు పూర్తిగా పోయి గాలి మాత్రమే వచ్చింది. "పొద్దుట నుంచి అరిచినాను, 'లోహా, టీనా, పురానా మెషీన్'. గలా బైఠ్ గయా. ఇప్పుడు ఎంత అరిచినా ఎవరికీ ఇనపడదు."

చినబాబు తువ్వాలు బండి మీద పడేశాడు. ముడి ఊడి బెల్లు దొర్లింది. సీతారాం దాన్ని పట్టుకున్నాడు. కాటాలో వేస్తాడేమోనని చినబాబు కళ్లు తిప్పుకున్నాడు.

మోగింది.

సందంతా లేచినట్టయింది. వరహాలమ్మ బయటికి వచ్చింది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. మూల మీది టీ బడ్డీ వాడు తల బయటికి పెట్టి చూశాడు. సీతారాం నోరు తెరుచుకుని బెల్లు కేసి చూసి, మళ్లీ నొక్కాడు. ఇంకో కిటికీ తెరుచుకుంది.

"అరే! నేను అరవక్కర్లేదు!" అని తన లేని గొంతుతోనే అరిచాడు. వెంటనే దాన్ని రిక్షా హాండిలుకి పెట్టి చూసుకున్నాడు. పాత బండి, పాత కొలత. పట్టీ కావలించుకున్నట్టు చుట్టుకుంది. వేలితోనే మర బిగించుకుని జేబులో చెయ్యి పెట్టాడు. "కిత్నే కా?"

ధర చెప్పింది నూకమ్మే. సీతారాం బేరమాడకుండా ఇచ్చాడు. నూకమ్మ ఆ డబ్బు ప్రెస్సు మీద పెట్టి, అప్పుడు అగ్గిపుల్ల గీసింది.

"వచ్చే పూజ దాకా నేను నోరెత్తను" అంది. గొంతులో కోపం లేదు, సంతోషమూ లేదు. మోకాలు పట్టుకుని లోపలికి వెళ్లింది.

ప్రెస్సు కోసం వచ్చిన మనిషి బెల్లు కొనుక్కుని, ఖాళీ బండిని గణగణలాడించుకుంటూ వెళ్లిపోయాడు. గెలిచినవాడు ఎగిరి గంతేయాలి కదా. చినబాబు గుమ్మంలో చతికిలబడ్డాడు.

మర్నాటి నుంచి ఆ బెల్లు గోల్‌మురి అంతా వినిపించింది. ఒకరోజు మేకుల మిషను పెట్టిన ఇంటి ముందు ఆగింది. ఇంకోరోజు జల్లెడలు చేసేవాళ్ల ఇంటి ముందు. ప్రతి చోటి నుంచీ బండి బరువుగా తిరిగి వచ్చేది. బరువుకి చక్రాలు మూలిగేవి, పైన బెల్లు మాత్రం ఎక్కడా గొంతు తగ్గించేది కాదు. చెవితో తన బెల్లుని ఏరుకున్న మనిషికి ఇప్పుడు ఏరుకునే శ్రమ కూడా లేదు. ఊళ్లో మోగుతున్నది అదొక్కటే.

వారం తిరక్కుండా సీతారాం మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో మిఠాయి పొట్లం.

"భాయ్, మా వాళ్లందరికీ గావాల. ఆదిత్యపూర్ వైపు తిరిగేటోడికి, జుగ్‌సలాయి వైపు తిరిగేటోడికి. తుక్కు మాల్ చాలా వత్తంది ఇప్పుడు, కొత్త కొత్త బండ్లు దిగుతున్నాయి. నువ్వు ఎన్ని చేస్తే అన్ని."

ఇన్నేళ్లలో అంత పెద్ద బేరం చినబాబు గుమ్మం తొక్కలేదు. పక్క షెడ్డులో లేతు తిరుగుతున్న శబ్దం వస్తోంది. లోపల నూకమ్మ రుబ్బురోలు దగ్గర నుంచి లేవడానికి మూలుగుతూ గోడ పట్టుకుంటోంది. ఆయన రెండు చప్పుళ్లూ విన్నాడు.

"సేత్తాను. ఒక్కటే మాట. మా సందులోకి వచ్చినప్పుడు మోగించకు."

"మోగించకపోతే నేనొచ్చినట్టు ఎలా తెలుస్తది?"

"మాకు తెలుత్తాది" అన్నాడు చినబాబు.

సీతారాం మాట తప్పే మనిషి కాదు. గేటు దగ్గర మోగిస్తాడు, మార్కెట్లో మోగిస్తాడు, మలుపు దాకా మోగించుకుంటూ వస్తాడు. సందులోకి తిరిగాడా, వేలు తీసేస్తాడు. రోజూ బెల్లు మలుపు దాటి ముందుకు సాగిపోతుంటే సందులో వాళ్లు హమ్మయ్య అనుకుని పనిలో పడేవారు.

దసరా వెళ్లాక ఒక మధ్యాహ్నం బెల్లు మార్కెట్ వైపు నుంచి వచ్చింది. మలుపు దగ్గరికి వచ్చింది. ఆగిపోయింది.

చినబాబు అచ్చు మీద రేకు పెట్టబోతున్నవాడల్లా చెయ్యి గాల్లోనే ఉంచేశాడు. చక్రాల మూలుగు సందులోకి దొర్లింది. ఆయన గుమ్మం ముందు నుంచి నెమ్మదిగా సాగి, కాస్త అవతల ఆగింది. పక్క షెడ్డులో లేతు తిరగడం లేదు. పొద్దుట నుంచీ తిరగడం లేదని అప్పుడు తట్టింది ఆయనకి.

"ఎవులింటికయ్యా?" అంది లోపల్నుంచి నూకమ్మ.

ఆయన తల తిప్పలేదు. గోడ అవతల వరహాలమ్మ గొంతు ఏదో అంటోంది, మాట తెలియడం లేదు. "అన్నియ్యా" అన్నట్టే ఉంది. చినబాబు రేకు పెట్టాడు. రెండు చేతులతో పిడి పట్టుకుని ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరాడు. గిన్నె కింద పడేలోపే ఇంకో రేకు పెట్టాడు. మళ్లీ విసిరాడు. మధ్యలో ఆపితే అవతల సమ్మెట దెబ్బలు వినబడతాయి మరి.